ముప్పై ఏడో పెట్టె

నా నోరు మంచిది కాదు. మాటలు వచ్చిన నాటి నుంచీ మా ఇంట్లో ఈ మాట అంటూనే ఉన్నారు, నేనెప్పుడూ పట్టించుకోలేదు. ఇప్పుడు ఎవరూ అనకుండానే నేనే అనుకుంటున్నాను, ఎందుకంటే ఆ నోటితో ఒక పెద్దమనిషి పనీ పరువూ రెండూ తీశాను. పనిలోంచి పొమ్మన్నది మా ఓనరు. అనిపించింది నేను, నేను రాసిన ప్రోగ్రాము. మధ్యలో తొమ్మిది పిన్నుల కేబులు ఒకటి ఉంది గానీ దాని తప్పేమీ లేదు, అది నేను చెప్పినట్టే విన్నది.

మా వర్క్‌షాపు చండ్రుగొండ రోడ్డు మీద ఉంది. బోరు మోటార్ల స్టార్టర్ పెట్టెలు బాగుచేస్తాం. కరెంటు రాగానే మోటారు తనంతట తానే తిరగడానికి రైతులు పొలంలో బిగించుకునే ఇనప రేకు పెట్టెలవి. వానలు మొదలయ్యాయంటే ములకలపల్లి నుంచీ టేకులపల్లి నుంచీ ఇంకా లోపలి ఊళ్ళ నుంచీ బండ్ల మీద తాళ్ళతో కట్టుకుని తెస్తారు. మూత తీస్తే లోపల ఏముంటుందో చెప్పలేం. చీమల పుట్ట ఉంటుంది, కాలి అతుక్కుపోయిన బల్లి ఉంటుంది, ఒకసారి కందిరీగల గూడే ఉంది. శుభ్రం చేసి, కాలిన సామాను మార్చి, చివరికి ఒక పరీక్ష చేస్తాం. లోపలి కరెంటు పెట్టె రేకులోకి కారుతోందా లేదా అని. మీటరులో అంకె పెద్దగా వస్తే పెట్టె మంచిది, ఆకుపచ్చ చీటీ అంటిస్తాం. అంకె చిన్నగా వస్తే కరెంటు కారుతున్నట్టే, ఎర్ర చీటీ. ఎర్ర చీటీ పెట్టె గడప దాటకూడదు. దాటితే ఎవరో ఒకరు పొలంలో తడి చేత్తో ముట్టుకుంటారు, అంతే సంగతి.

ఆ పరీక్ష చేసే పెద్దమనిషే మా కాక, అంటే బాబాయి. నాకు చుట్టమేమీ కాదు, అక్కడ అందరూ కాకా అంటారు కాబట్టి నేనూ అన్నాను. మా నాన్నకంటే పెద్దవాడు. ఆదివారం వాళ్ళ చర్చిలో ముందు నిలబడి వాక్యం చదివేది ఆయనే, సోమవారం పొద్దున మా దగ్గర రిజిస్టరు తెరిచేదీ ఆయనే. రెండు చోట్లా అవే కళ్ళద్దాలు, ఒక కాడకు నల్ల టేపు చుట్టి ఉండేది. డిప్లొమా చేసి వచ్చిన నాకు సోల్డరింగ్ నేర్పింది ఆయన. నేను సీసం పుట్టలు పుట్టలుగా పోస్తుంటే, "ఏంది బిడ్డా, ఇల్లు అలుకుతున్నవా? గింతంత సాలు" అని నవ్వేవాడు. ఓనరుతో మాట్లాడి నన్ను పనిలో పెట్టించింది కూడా ఆయనే. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, తర్వాత చెబితే నాకే సిగ్గు.

ఆయనకో అలవాటు ఉండేది. పొద్దున మీటరు పెట్టగానే రైతుల పెట్టె ఏదీ ముట్టుకునేవాడు కాదు. బెంచీ కింద నుంచి సొంత పెట్టె ఒకటి తీసేవాడు. పాతది, ముదురు పచ్చ రంగు, ఒక మూల సొట్ట. దానికి క్లిప్పులు పెట్టి చూస్తే రెండువందల పది వచ్చేది, వానకు కొంచెం తక్కువ, ఎండకు కొంచెం ఎక్కువ. ఆ అంకెను రిజిస్టరులో మొదటి వరసలో రాసి, అప్పుడు అసలు పని మొదలుపెట్టేవాడు.

"రోజూ దానికేంది కాకా, పొద్దుగాల పూజనా?" అన్నానొకసారి.

"మేం పూజలు చెయ్యం బిడ్డా" అని నవ్వాడు. "నా పెట్టె ఏం జెప్తదో నాకు ఎర్కే. మీటరు సుత గదే జెప్తే, ఇయ్యాల దాని బుద్ధి సక్కగున్నట్టు. లేకుంటే దాని మాట ఎట్ల నమ్ముత?"

నాకది ముసలివాళ్ళ చాదస్తం లాగే కనబడింది. అయిదు నిమిషాలు దండగ అనుకున్నాను.

మా ఓనరు వాళ్ళు కోస్తా నుంచి వచ్చి సత్తుపల్లి పక్కన భూములు కొన్న కుటుంబం. పొలాలూ ఉన్నాయి, వ్యాపారమూ ఉంది. వర్క్‌షాపుకు రోజూ వచ్చేవాడు గానీ గల్లా దగ్గర కూర్చుని వెళ్ళిపోయేవాడు, బెంచీ దాకా ఎప్పుడూ రాలేదు. ఒకరోజు హైదరాబాదు నుంచి బల్ల మీద పెట్టి అదే పరీక్ష చేసే సెకండ్ హ్యాండు మీటరు ఒకటి తెచ్చాడు. పెద్ద డీలరు ఒకడు పెట్టెలన్నీ మనకే ఇస్తానన్నాడట, కానీ ప్రతి పెట్టెకూ కంప్యూటరు నుంచి వచ్చిన కాగితం కావాలన్నాడట.

"చేత్తో రాసిన పుస్తకం ఇప్పుడెవడు నమ్ముతున్నాడు అమ్మాయ్? ఈ మీటరు వెనకాల సాకెట్టు ఉంది చూడు. కంప్యూటరుకి కలుపు. నువ్వు చదువుకున్నావుగా" అన్నాడు.

ఆ మాటకు నేను ఎంత ఉబ్బిపోయానో చెప్పలేను. డిప్లొమా చేసి బల్లులు తీస్తున్నానని ఇంట్లో రోజూ ఏడిచేదాన్ని. ఇప్పుడు నా చదువుకు తగ్గ పని వచ్చింది. మీటరు వెనక తొమ్మిది పిన్నుల సాకెట్టు, మా కంప్యూటరుకేమో అలాంటిది లేదు. కొత్తగూడెం పోయి మధ్యలో పెట్టే కన్వర్టరు వైరు తెచ్చాను. కలిపితే ఉలుకూ లేదు పలుకూ లేదు. రెండు రోజులు తల పట్టుకున్నాక తెలిసింది, నా కేబులులో మాట్లాడే తీగ అవతలి మాట్లాడే తీగకే కలిసి ఉంది. ఇద్దరూ మాట్లాడేవాళ్ళే, వినేవాళ్ళు లేరు. ఆ రెండు తీగలూ తారుమారు చేసి సోల్డరింగ్ చేశాను, కాక నేర్పినట్టే, గింతంత సీసంతో. అప్పుడు తెర మీద పిచ్చి గీతలు వచ్చాయి. అంటే వినబడుతోంది, అర్థం కావట్లేదు. మీటరు మాట్లాడే వేగమూ కంప్యూటరు వినే వేగమూ ఒకటి చేశాను. పిచ్చి గీతలు పోయి మీటరు పేరు అక్షరాలా వచ్చింది. అమ్మ బాబోయ్ అని కుర్చీలోంచి లేచి అరిచాను. కాక కూడా పక్కన నిలబడి చప్పట్లు కొట్టాడు. "మా బిడ్డ మిషను తోని మాట్లాడింది" అని బయట టీ కొట్టు దాకా పోయి చెప్పొచ్చాడు.

పని ఇలా ఉండేది. క్లిప్పులు ఒక పెట్టెకు పెట్టి నేను మీట నొక్కగానే, "ఎంత?" అని కంప్యూటరు అడుగుతుంది. మీటరు కొలిచి జవాబు పంపుతుంది. ఆ జవాబు షీటులో ఆ పెట్టె నంబరు పక్కన పడుతుంది. తర్వాతి పెట్టె, మళ్ళీ ప్రశ్న, మళ్ళీ జవాబు. ప్రోగ్రాము ఇంటర్నెట్లో దొరికినదాన్ని నాకు కావలసినట్టు మార్చుకున్నాను. అందులో మొట్టమొదట "నువ్వెవరు?" అని అడిగే లైను ఒకటి, మీటరు చెప్పిన పేరును చదివి తెర మీద చూపించే లైను ఒకటి ఉండేవి. రోజూ ఆ పేరు అడ్డంగా వస్తుంటే చూడ్డానికి బాగాలేదని చదివే లైను తీసేశాను. అడిగే లైను ఉంచేశాను. దీన్ని గుర్తుపెట్టుకోండి, ఇదొక్కటే నేను చేసిన తప్పు. మిగతావన్నీ తప్పులు కావు, తెలిసి చేసినవి.

మొదటి రోజే ఒకటి తేడా వచ్చింది. షీటులో మొదటి పెట్టె పక్కన ఖాళీ పడింది. రెండో పెట్టె నుంచి అంకెలు వరసగా వచ్చాయి. ఎందుకు వచ్చిందో చూడొద్దూ? చూడలేదు. మీటరు మీది అంకె చూసి మొదటి వరసలో చేత్తో కొట్టేశాను. రోజూ అలాగే కొట్టాను. ఎవరన్నా అడిగితే, "మొదట్లో మిషను వేడెక్కాల గద" అనేదాన్ని. అది వట్టి అబద్ధం, నా నోటికి అప్పటికప్పుడు వచ్చింది.

కాక తన పచ్చ పెట్టె తెచ్చి బెంచీ మీద పెట్టాడు. "ముందుగాల దీన్ని పెట్టు బిడ్డా. నీ మిషను సుత ఏం జెప్తదో జూద్దం."

"కాకా, ఇది కంప్యూటరు. దీనికి నీ డొక్కు పెట్టెతోని పనిలేదు. జరుగు జరుగు" అన్నాను.

ఆయన పెట్టెను మళ్ళీ బెంచీ కిందికి జరిపాడు. ఆ రోజు ఆ డొక్కు పెట్టె మొదట పెట్టి ఉంటే దాని రెండువందల పది రెండో వరసలో పడేది, ఆయన చూడగానే పట్టేసేవాడు. ఇప్పుడు ఎన్నిసార్లు అనుకుంటే ఏం లాభం.

డీలరుకు చూపించడానికి మూడు రోజుల పెట్టెలు రెండు రకాలుగానూ పరీక్ష చేయమన్నాడు ఓనరు. పొద్దున కాక పాత పద్ధతిలో చేసి రిజిస్టరులో రాయాలి. మధ్యాహ్నం అవే పెట్టెలు నేను కంప్యూటరుతో చేయాలి. మధ్యాహ్నం పూట క్లిప్పులు మార్చేది కూడా కాకనే. మొదటి రోజు మధ్యాహ్నం, నాలుగైదు పెట్టెలు అయ్యాయో లేదో, "బిడ్డా, మీటర్ల ఒకటున్నది, నీ తెర మీద ఇంకోటున్నది" అన్నాడు.

"మీటరు మీద అంకె ఊగుతది కాకా. కంప్యూటరు నిలకడైనంకనే తీస్కుంటది."

"గట్లనా? మరి నాకు ఊగుతున్నట్టు కనబడ్తలేదు."

"నీకేం కనబడ్తది" అన్నాను. అని ఊరుకోలేదు, అట్టముక్క ఒకటి చింపి మీటరు ముఖానికి టేపు వేసి అంటించాను. మాటిమాటికీ చూసి నస పెడుతున్నాడని. మొదటి పెట్టె అంకె కొట్టడానికి మాత్రం అట్ట ఎత్తి నేను చూసేదాన్ని. ఆయన అట్ట వైపు చూసి, క్లిప్పులు మార్చుకుంటూ పోయాడు.

నాలుగో రోజు ఓనరు రిజిస్టరునూ నా షీట్లనూ బల్ల మీద పక్కపక్కన పరిచాడు. మెకానిక్కులు ఇద్దరు చేతులు తుడుచుకుంటూ వచ్చి నిలబడ్డారు. అంకెలు ఏవీ కలవలేదు. మొదటి వరస తప్పితే ఒక్కటీ కలవలేదు. అన్నింటికంటే పెద్ద తేడా ముప్పై ఏడో పెట్టె. కాక ఎర్ర సిరాతో రాశాడు, అంకె చాలా చిన్నది, కరెంటు కారుతున్నట్టు. నా షీటులో అది బ్రహ్మాండంగా ఉంది.

"ఏందయ్యా ఇది?" అన్నాడు ఓనరు. "పెట్టెలకి క్లిప్పులు పెట్టే రాశావా, కూచుని రాశావా?"

"పెట్టే రాసిన సార్. ఒక్కటి సుత ఇడ్వలే."

ఓనరు నా వైపు చూశాడు. "నువ్వు చెప్పమ్మాయ్. ఎవరిది తప్పు?"

అప్పుడు నేను, తెలియదు సార్, మళ్ళీ చూద్దాం అనాలి. నాలుగు మాటలు. నా నోటికి అవి రాలేదు. "నా మిషనుకు కళ్ళద్దాలు లేవు సార్" అన్నాను.

మెకానిక్కులు పక్కున నవ్వారు. ఓనరు కూడా నవ్వాడు. నవ్వు తెప్పించాను కదా, నాకు మహా సంతోషమైంది. కాక కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుకు తుడుచుకున్నాడు, మళ్ళీ పెట్టుకున్నాడు.

"సార్, ఒక్కటే అడుగుత" అన్నాడు. "ముప్పై ఏడో పెట్టెను మీ అందరి ముందల మల్ల ఒక్కసారి పెట్టుండ్రి. నా తప్పయితే నేనే పోత. ఆమె కాయిదంల మొదటిది, రెండోది మూడ్రోజులు ఒక్క తీరుగనే వచ్చినయి. గదెట్లయితది?"

ఆయన చెప్పింది నిజమే. మూడు షీట్లలోనూ మొదటి రెండు వరసల అంకెలు ఇంచుమించు ఒకటే. నేను చూశాను. ఎక్కడో తేడా ఉందని నాకు అనుమానం వచ్చింది. అది కప్పిపుచ్చుకోవడానికే ఇంకా గట్టిగా అరిచాను. "మల్ల పెట్టుడేంది కాకా? మల్ల మల్ల నీ ఇజ్జతే పోతది. ఆ పెట్టె పొద్దుగాలే పచ్చ చీటీ వేసి పంపిన. పోయింది."

చీటీ వేసిన మాట నిజం. పోయిందన్నది అబద్ధం. గోడ పక్కన వరసలో అక్కడే ఉంది, సాయంత్రం బండి ఎక్కింది.

ఓనరుకు డీలరు వచ్చే తొందర. తెల్లకాగితం ఒకటి కాక ముందుకు తోశాడు. "పరీక్ష చెయ్యకుండా రాశానని రాసి సంతకం పెట్టు. ఈసారికి వదిలేస్తాను, క్లిప్పులు మార్చుకుంటా ఉండు. పెద్దోడివని చెప్తున్నా."

కాక కాగితాన్ని వెనక్కి తోశాడు. "చేసిన పరీక్ష చెయ్యలేదని ఎట్ల రాస్త సార్? అది అబద్ధమైతది గద" అన్నాడు. గొంతు పెంచలేదు. ఎవరికో దారి చెబుతున్నట్టు చెప్పాడు.

"అయితే రేపట్నుంచి రావద్దు."

టిఫిను డబ్బా తీసుకున్నాడు. బెంచీ కింద నుంచి పచ్చ పెట్టె తీసుకున్నాడు. "ఇది నాదే సార్" అని ఓనరుకు చూపించాడు. "పట్టుకుపో, చెత్త తగ్గుద్ది" అన్నాడు ఓనరు తలెత్తకుండా. గుమ్మం దగ్గర నా పక్క నుంచే పోయాడు. ఏమన్నా అంటాడేమో, అంటే తిరిగి అనాలని మాట సిద్ధం చేసుకుని నిలబడ్డాను. ఆయన పచ్చ పెట్టెను చంకలో సర్దుకుని రోడ్డెక్కాడు.

డీలరు షీట్లు చూసి మెచ్చుకున్నాడు. పెట్టెలు రావడం మొదలైంది. బెంచీ నాది, కుర్చీ నాది. అట్టముక్క మీటరు మీద అలాగే ఉండిపోయింది.

నెల తిరిగిందో లేదో, ములకలపల్లి అవతలి అడవి అంచు ఊరి నుంచి ఒక రైతు వచ్చాడు. బండి వెనక స్టార్టర్ పెట్టె కట్టుకుని వచ్చాడు. మనిషి నల్లగా, బక్కగా ఉన్నాడు, చెప్పులకు ఎర్రమన్ను. పెట్టె నా బల్ల మీద పెట్టి, "ఎద్దు సచ్చిపోయింది మేడం" అన్నాడు. వాన పడుతుంటే ఎద్దు ఆ పెట్టె బిగించిన ఇనప స్తంభానికి ఒళ్ళు రాసుకుందట. అక్కడికక్కడే పడిపోయిందట.

ఓనరు గల్లా దగ్గర నుంచే, "ఎర్తింగు పెట్టుకోకపోతే మేమేం చేస్తామయ్యా?" అన్నాడు. నేనూ అదే అందుకున్నాను. పెట్టె మూత కూడా తీయకుండా, "ఎర్త్ లేకుంట బిగిస్తే మా మీద పడ్తవా?" అన్నాను. అతను నాతో కొట్లాడలేదు. పెట్టె మీది ఆకుపచ్చ చీటీని గోటితో చూపించాడు.

"మీ చీటీ ఉన్నది గద మేడం. అందుకే దైర్నంగ ముట్టినం. రోజు మోటరేసేది నా బిడ్డనే. గందుకే తెచ్చిన. మల్లొకసారి సూడుండ్రి."

చీటీ మీద నా చేతిరాతతో ముప్పై ఏడు అని ఉంది, పోయిన నెల తారీఖు.

అతన్ని టీ తాగి రమ్మని పంపాను. అట్ట పీకేసి, క్లిప్పులు పెట్టి, నా కళ్ళతో మీటరు చూశాను. అంకె చాలా చిన్నది. ఊగలేదు, నిలకడగా ఉంది. నీళ్ళు దిగి ఉంటాయిలే అని ఇంకా ఒక అబద్ధం నాకు నేనే చెప్పుకోబోయాను. చేతులు మాత్రం బీరువా మీది నుంచి కాక రిజిస్టరు దింపాయి. ముప్పై ఏడు దగ్గర ఎర్ర సిరా. ఇంచుమించు అదే అంకె. నా షీటు తీశాను. ముప్పై ఏడు బాగుంది. దాని కింద, ముప్పై ఎనిమిది దగ్గర, ఆ చిన్న అంకె ఉంది.

షీటును రిజిస్టరు పక్కన పెట్టి ఒక్క వరస పైకి జరిపాను. అన్నీ కలిశాయి. పై నుంచి కింది దాకా, ఆయన అంకెలూ నా అంకెలూ పక్కపక్కనే, ఒకటీ అరా తేడాతో. రెండో రోజుది జరిపాను, కలిసింది. మూడో రోజుదీ కలిసింది. ఒక్క పెట్టెను కూడా వదలకుండా చేశాడు ఆ మనిషి.

జరిగిందేమిటంటే ఇంతే. రోజూ ప్రోగ్రాము మొదలవగానే "నువ్వెవరు?" అని అడిగేది. మీటరు తన పేరు చెప్పేది. చదివే లైను తీసేశాను కదా, ఆ జవాబు అలాగే నిలిచిపోయేది. తర్వాత మొదటి పెట్టె ఎంత అని అడిగితే, ఆగి ఉన్న పేరు చేతికొచ్చేది. పేరు అంకె కాదు కాబట్టి అక్కడ ఖాళీ. రెండో పెట్టెను అడిగితే మొదటి పెట్టె జవాబు. మూడోదాన్ని అడిగితే రెండోదాని జవాబు. రోజంతా ఒకరి జవాబు ఇంకొకరి పేర రాసుకుంటూ పోయాను. ఆ ఖాళీని చూసి ఎందుకు అని ఒక్కసారి నన్ను నేను అడిగి ఉంటే మొదటి రోజే దొరికేది. నేను దాన్ని చేత్తో పూడ్చాను. పోయిన లైను మళ్ళీ రాయడానికి నాకు ఒక్క నిమిషం పట్టింది.

ఆ నెలలో పోయిన పెట్టెలన్నీ వెనక్కి తెప్పించాను. చీటీల జిగురు బాగాలేదు, కొత్తవి అంటించాలని ఓనరుకు చెప్పాను, నమ్మాడు. ప్రతి పెట్టెనూ మళ్ళీ చూసి, కారుతున్నవన్నీ బాగుచేసి పంపాను. ఇంకెవరికీ ఏమీ కాలేదు. రైతు పెట్టె కూడా బాగుచేసి ఇచ్చాను, ఎర్తింగు లేకపోవడం వల్లే జరిగిందని అతని ముఖం మీదే మరోసారి చెప్పి మరీ ఇచ్చాను. అతను చేతులు జోడించి పోయాడు. ఓనరుకు అసలు సంగతి చెప్పలేదు. చెబితే నా కుర్చీ పోతుంది.

కాకకు చెప్పాలనిపించింది. ఒక ఆదివారం టేకులపల్లి దగ్గర వాళ్ళ ఊరికి పోయాను. ఇంటి ముందు అరుగు మీద ఫ్యాన్లు, మిక్సీలు నాలుగైదు ఉన్నాయి బాగుచేయడానికి. ఆయన తెల్లచొక్కాలో చర్చి నుంచి అప్పుడే వచ్చినట్టున్నాడు. ఆయన భార్య నన్ను చూసి గుమ్మంలోనే నిలబడింది.

"ఏం తల్లీ, ఇంకేమన్న మిగిలిందా తీస్కపోనీకి?" అంది.

"చిన్నమ్మా, కాకతోని మాట్లాడాలె."

"మాట్లాడు. ఇప్పుడు ఆయనకు కావల్సినంత టైమున్నది. ఆదివారం వాక్యం సుత సదువుతలేడు. దొంగ రాతలు రాసెటోడు సదువుడేందని ఒకలు అన్నరు. ఆయనే ఎనుక బెంచీల కూసుంటుండు." అని లోపలికి పోయి మంచినీళ్ళు తెచ్చి నా ముందు పెట్టింది. తాగమని మాత్రం అనలేదు.

నేను అన్నీ చెప్పాను. ఖాళీ వరస, అట్టముక్క, ఎద్దు, షీటును ఒక్క వరస జరపడం, అన్నీ. ఏడ్చాను కూడా. కాక ఫ్యాను రెక్క ఒడిలో పెట్టుకుని విన్నాడు. ఎద్దు మాట వచ్చినప్పుడు, "మనుషులకు ఏం కాలే గద?" అని అడిగాడు. కాలేదన్నాను. తల ఊపాడు.

"ఓనరుకు జెప్పినవా?"

"లేదు కాకా."

"మెకానిక్కులకు?"

"లేదు."

"మరి నాకెందుకు జెప్తున్నవ్ బిడ్డా?" అన్నాడు. కోపం లేదు, నిజంగానే అర్థంకాక అడుగుతున్నాడు. "నేను సక్కగ రాసిన్నని నాకు ఎర్కే గద. ఎర్కలేనోళ్ళకు జెప్పాలె."

నా ముందున్న మంచినీళ్ళ గ్లాసును అటూ ఇటూ జరిపాను.

"రేపే చెప్త కాకా. పొద్దుగాల పోంగనే చెప్త" అన్నాను చివరికి.

"అవ్, చెప్పు" అన్నాడు. లేచి లోపలికి పోయి పచ్చ పెట్టె తెచ్చాడు. దుమ్ము లేకుండా తుడిచి ఉంది. "ఇది తీస్కపో. రోజు ముందుగాల దీన్ని పెట్టు. నీ మిషను బుద్ధి ఎప్పుడు ఎట్లుంటదో ఏమో. ఇంకో పెట్టె గట్ల పోవద్దు." భార్య వద్దని చేయి పట్టుకుంది. ఆయన చేయి విడిపించుకుని పెట్టెను నా బండి మీద పెట్టి, తాడుతో తనే కట్టాడు.

మర్నాడు చెప్పలేదు. ఆ వారం చెప్పలేదు. డీలరు పెద్ద ఆర్డరు ఇచ్చాడు, అది అయ్యాక చెబుదామనుకున్నాను. అయ్యింది. చెప్పలేదు. చెప్పడానికి రోజూ ఏదో ఒకటి అడ్డం వస్తూనే ఉంది, వచ్చేలా నేనే చూసుకున్నాను.

పచ్చ పెట్టె మాత్రం నా బెంచీ మీద ఉంది. పొద్దున మొదటి క్లిప్పులు దానికే పెడతాను. షీటులో మొదటి వరస దానిదే, రెండువందల పది, అటూ ఇటూ. మొన్న డీలరు వచ్చినప్పుడు ఓనరు అతన్ని బెంచీ దాకా తీసుకొచ్చాడు. రోజూ మొదటి వరసలో ఇదేమిటని డీలరు అడిగాడు. మీటరు సరిగ్గా చెబుతోందో లేదో చూసుకోవడానికి తెలిసిన పెట్టె ఒకటి ముందు పెడతానని చెప్పాను.

"గిది మంచి పద్ధతి. పెద్ద పెద్ద షాపుల్ల సుత గిట్ల చేస్తలేరు" అన్నాడు డీలరు.

ఓనరు పొంగిపోయాడు. సొట్ట పడిన ఆ పెట్టె మీద అరచేత్తో తట్టాడు. అది ఎవరిదో ఆయనకు గుర్తు లేదు. "చూశావా అమ్మాయ్" అన్నాడు నాతో, "ఆ ముసలోడు అన్నేళ్ళు ఉన్నాడు. ఇట్టాంటి ఆలోచన ఒక్కటన్నా వచ్చిందా వాడికి?"

డీలరు నా వైపు చూస్తున్నాడు. మెకానిక్కులు చూస్తున్నారు.

"రాలేదు సార్" అన్నాను.